ఇంటి గడపలో యంత్రపు బేరము

నల్లగొండ, మహబూబునగరము, సూర్యాపేట, వనపర్తి మొదలగు పట్టణములందును, వాని చుట్టునున్న పెద్ద గ్రామములందును కొంత కలిగిన గృహస్థుల యిండ్లకు ఒక క్రొత్త అతిథి వచ్చుచుండుట పాఠకులెఱిగినదే. అతడు ఇస్త్రీచేసిన చొక్కా తొడిగి, మెడకు టై కట్టి, భుజమున బరువైన సంచి తగిలించుకొని, యజమాని పొలమునకో కచేరికో పోయిన తరువాత తలుపు తట్టును. "అమ్మా, కొనవద్దు, చూస్తే చాలు" అనును. అర్ధగంటలో నడింటిలో దుమ్ము పీల్చు యంత్రము హోరుమని మ్రోగుచుండును. గంట గడచునప్పటికి సంతకమైన కాగితమొకటి, నెలనెల కట్టవలసిన కిస్తుల పట్టిక యొకటి ఆ యింట మిగులును. కొందఱి యింట నిది వాక్యూం క్లీనరు. కొందఱి యింట నీరు శుభ్రపఱచు యంత్రము. ఒక్కొక్కప్పుడు రెండును ఒక్క బేరములోనే కుదురును. ఇవి పెట్టిన రూకలకు తగినవేనా యని పలువురు మిత్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. ప్రశ్న చిన్నదిగానే కనబడును. కాని దాని వెనుక ఒక కుటుంబపు పంటడబ్బును, ఒక యిల్లాలి నడుమును, మన ప్రాంతమున ఒక తరమువారి యెముకలును ఉన్నవి. కావున దీనిని కొంత వివరముగా చర్చింపదలచితిమి.

ముందుగా మా తప్పునే ఒప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేమును ఇట్టి వాక్యూం క్లీనరు నొకదానిని కొంటిమి. వెల 24 వేల రూపాయలు. మా తల్లిగారికి నడుము నొప్పి. వచ్చిన యువకుడు ఆమె నడచు తీరును చూచిన మాత్రముననే సంగతి గ్రహించెను. "అవ్వా, ఇగ మీరు వంగే పనే లేదు" అని యొక్క మాట యనెను. ఆ మాటకు మేము లొంగితిమి, యంత్రమునకు కాదు. తరువాత జరిగినదేమనగా, ఆ యంత్రము గొట్టమును మోయుట, తీగను గదినుండి గదికి లాగుట, నిండిన సంచిని దులుపుట మా తల్లిగారికి చీపురుకంటె బరువైన పనులాయెను. ఎనిమిది మారులు వాడిన పిమ్మట అది అటకమీదికి చేరెను. అనగా ఒక్కొక్క మారునకు మూడువేల రూపాయలు పెట్టి మేము ఇల్లు ఊడ్చుకొంటిమన్నమాట. ఆ యువకుని ఫోనునకు పిమ్మట జవాబు లేదు. ఇది మా యొక్కరి కథయే యైనచో ఇచ్చట వ్రాయకపోదుము. మా వీథిలో మఱి రెండిండ్ల యటకలమీదను అట్టి యంత్రములే నిద్రించుచున్నవి.

అయినను యంత్రము మాయ యని మేమనము. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు గాలిని పీల్చి దుమ్మును లాగు పద్ధతిని కనిపెట్టెను. ఆ మొదటి యంత్రము గుఱ్ఱపుబండి మీద వీథిలో నిలిచియుండగా, పొడవైన గొట్టములు కిటికీలగుండ ఇంటిలోనికి పోయెడివి. 1908లో అమెరికాలోని ఓహైయో రాష్ట్రమున జేమ్స్ మరే స్పాంగ్లర్ అను భవన పరిచారకుడు చేతితో నడుపదగిన యంత్రమునకు పేటెంటు పొందెను. అతనికి ఉబ్బసము, ఊడ్చునపుడు లేచు దుమ్మును భరింపలేక దీనిని కల్పించెను. అతనియొద్ద హక్కును కొన్న హూవరు పేరు తరువాత ఆంగ్లదేశమున ఊడ్చుటకే పర్యాయపదమైనది. స్వీడను దేశపు ఎలక్ట్రోలక్సు సంస్థ ఇంటింటికి మనుష్యులను పంపి అమ్ముటలో ప్రసిద్ధి కెక్కినది. ఆ సంస్థతో కూడి 1982లో మన దేశమున యురేకా ఫోర్బ్స్ సంస్థ వెలసి, ఇంటింటి విక్రయ పద్ధతిని ఇచ్చటను నాటినది. ఒక రోగి బాధనుండి పుట్టిన సాధనమును ఎగతాళి చేయుట మాకు తగదు.

ఆలోచింపవలసినది ఒక్కటే: ఆ సాధనము ఏ యింటికొఱకు పుట్టినది? మన యిల్లు ఎట్టిది? శీతదేశములలో గోడనుండి గోడవఱకు తివాసీని నేలకు అంటగొట్టుదురు. దానిని ఎత్తి దులుపరాదు, నీట కడుగరాదు. చలికి తలుపులు మూసియుంచుటచే లోపలి దుమ్ము లోపలనే యుండును. అట్టి చోట పీల్చు యంత్రము లేనిది గడవదు. మన యిండ్లలోనో నేల షాబాదు బండయో, తాండూరు రాయియో, గచ్చో, టైల్సో అయియుండును. ఊడ్చి, తడిగుడ్డతో తుడిచిన నిమిషములో శుభ్రమగును. తలుపులు ఉదయమునుండి సాయంకాలమువఱకు తెఱచియుండును. వేసవిలో చెలకలమీదనుండి వచ్చు ఎఱ్ఱమన్ను గాలి ఉదయము పీల్చిన దుమ్మును మధ్యాహ్నమునకే తిరిగి తెచ్చియిచ్చును. తడిగుడ్డ పట్టుకొను సన్నని ధూళిని సామాన్యపు యంత్రము పట్టజాలదు. తగిన వడపోత లేనిచో ముందునుండి పీల్చి వెనుకనుండి గదిలోనికే చిమ్మును.

కొనదగినవారు లేకపోలేదు. ఇంట ఉబ్బసరోగి యున్నవారు, సోఫాలు తివాసీలు పరచుకొన్నవారు, బట్టల దుకాణము నడుపువారు, పుస్తకములు పెక్కు గలవారు, కారు గలవారు దీనిని ఉపయోగించుకొనగలరు. రోగి కొఱకు కొనువారు హెపా అను సన్నని వడపోత యున్నదా యని యడుగవలెను. ఆ వడపోత మిక్కిలి సూక్ష్మమైన ధూళికణములను, మైక్రానులో మూడుపదవవంతు పరిమాణము గలవానిని సయితము, నూటికి 99.97 వంతున ఆపవలెనని ప్రమాణము. కాని యిట్టి వారికైనను మూడు నాలుగువేలు మొదలుకొని పదివేల లోపల దుకాణములో దొరకు యంత్రమే సాధారణముగా చాలును. గడపలో అమ్మునవి దానికి రెండు మూడింతలు వెలగలవి. కొన్ని విదేశీ యంత్రములు లక్ష రూపాయలు దాటినవియు కలవు.

ఈ యధిక మెక్కడికి పోవును? వచ్చినవాని కమీషను, అతనిపై యధికారి కమీషను, పదియిండ్లు తిరిగి ఒక యింట అమ్ముటకైన ఖర్చు, ఉచితమని యిచ్చు కుక్కరు, ఇవన్నియు ఆ వెలలోనే యిమిడియున్నవి. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యన్న సామెత నవ్వుటకు బాగుండునే గాని, ఏ వర్తకుడును గుమ్మడికాయను ఊరక ఈయడు. వంకాయ వెలలోనే రాబట్టును. మఱియొక లెక్క చూడుడు. ముప్పదివేల యంత్రమును వారమునకొక్క మారు చొప్పున ఐదేండ్లు ఎడతెగక వాడినను 260 మారులగును. అనగా మారునకు 115 రూపాయలు. సంచులు, బ్రష్షులు, మరమ్మతులు దీనికి వేఱు. కిస్తులపై వడ్డీ వేఱు. ఈ లెక్కను గృహస్థుడు ఎవరింటి గడపలోనైనను వేసికొనవచ్చును. కాని వచ్చినవాడు ఆ వ్యవధి ఈయడు. "ఈ ధర ఇవాళ్టికే" అనును. రేపటికి నిలువని ధర యెన్నడును నిజమైన ధర కాదని మా నమ్మకము.

ఇక అతడు చేయు ప్రదర్శనమును గూర్చి ఒక మాట. పరుపుమీద యంత్రమును నడిపి, గొట్టమునకు నల్లగుడ్డ కట్టి, దానిపై పేరుకొన్న తెల్లని పొడిని చూపును. ఇల్లాలు సిగ్గుపడును, ఇంతకాలము పిల్లలను ఈ మురికిలోనా పరుండబెట్టితినని బాధపడును. ఆ సిగ్గే బేరమునకు పునాది. ఏ పరుపునైనను పీల్చినచో పొడి వచ్చును. అందులో పెక్కు భాగము దూది నలుసులు, మన చర్మపు పొరలు. దానిని ఎండలో వేసి కఱ్ఱతో కొట్టినను రాలును. మన పెద్దలు చేయునది అదియే. యంత్రము పొడిని లాగెనని రుజువైనది గాని, ఆ పొడిచే రోగము వచ్చెననియు, వేఱు మార్గము లేదనియు రుజువు కాలేదు. కంటికి కనబడు దానిని చూపి, కనబడనిదానిని నమ్మించుట ఈ విద్యలోని రహస్యము.

ఈ విద్య దుమ్ముతో ఆగినచో నష్టము డబ్బుతో పోవును. కాని నీటియొద్దకు వచ్చునప్పటికి నష్టము దేహమునకు తగులును. ఈ సంగతి దేశమున మఱి యెవ్వరికంటెను నల్లగొండవారికి బాగుగ తెలియవలెను. త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమగుటచే కలుగు వ్యాధిని మన దేశమున వైద్యులు మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నల్లగొండ జిల్లాలో మఱ్ఱిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురము ప్రాంతములందు అది తరతరములను వంచినది. ఇచ్చటి నల్లరాతి పొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. ఆ రాతిలోనికి బోరులు దింపినకొలది మనము ఆ నీటినే పైకి తోడుకొంటిమి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు లేనిచో ఒకటిన్నరవఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. అది మించినచో మొదట పండ్లపై గోధుమరంగు మచ్చలు, పిమ్మట కీళ్లు బిగియుట, తుదకు వెన్ను, కాళ్లు వంకరపోవుట. ఒకసారి వంగిన యెముకను చక్కజేయు మందు లేదు. 1996 ఎన్నికలలో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో పెక్కుమంది గెలువగోరినవారు కారు. తమ నీటి బాధను దేశమునకు వినిపింపగోరినవారు. ఓటు పత్రము పుస్తకమంత కాగా పోలింగునే వాయిదా వేయవలసి వచ్చెను. నీటికొఱకు ఇట్టి పోరాటము చేసిన జిల్లాలో నీటి యంత్రమును మాటకారి నోట విని కొనుట తగునా?

యంత్రములు పలు తెగలు. అతినీలలోహిత కిరణములతో పనిచేయునది సూక్ష్మక్రిములను చంపును; ఫ్లోరైడును ఏమియు చేయజాలదు. దూది, బొగ్గు వడపోతలు బురదను, వాసనను తీయును, ఫ్లోరైడును తీయవు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది చిక్కబడును. ఆర్.ఓ. యనబడు సూక్ష్మపు పొరగుండ నీటిని ఒత్తిడితో పంపు యంత్రము మాత్రము ఫ్లోరైడులో అధికభాగమును తొలగించును. ఇంత భేదమున్నను గడపలో అన్నింటికిని ఒక్కటే పేరు: "ఫిల్టరు." ఫ్లోరైడు నీటి యూరిలో కిరణముల యంత్రమును కొన్న గృహస్థుడు తన బిడ్డలకు శుద్ధజలము నిచ్చుచున్నానని ధైర్యముగా నుండును. రోగమొకటి, మందొకటి. ధైర్యము కలిగినందున వేఱు జాగ్రత్తలు మానివేయును. యంత్రము లేనివానికంటె ఇతని స్థితియే ప్రమాదకరము.

ఇచ్చటను ఒక ప్రదర్శనమున్నది. రెండు గ్లాసులలో ఇంటి నీటిని, యంత్రపు నీటిని పోసి, విద్యుత్తు కమ్ములను ముంచుదురు. క్షణములో ఇంటి నీరు తుప్పురంగుకు తిరిగి రోత పుట్టించును. యంత్రపు నీరు తేటగా నుండును. చూచినవారు హడలిపోదురు. నిజమేమనగా ఆ తుప్పు నీటిది కాదు, ఇనుప కమ్ములది. లవణములు కరగియున్న నీటిలో విద్యుత్తు ప్రవహించి కమ్మిని కరగించును; లవణములు తీసిన నీటిలో ప్రవహింపదు గాన రంగు రాదు. కృష్ణానది నీటిని తెచ్చి పరీక్షించినను ఇట్లే తుప్పురంగు వచ్చును. మఱియొక చిన్న పరికరము టి.డి.యస్. అని అంకెను చూపును. అది మొత్తము లవణముల అంచనాయే గాని, అందు ఫ్లోరైడు ఎంతయో చెప్పజాలదు. ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. గ్లాసులో రంగు మార్చి చూపువానికి ఆ విషమును గూర్చి చెప్పుటకు ఏమియు లేదు.

కావున యంత్రము కొనుటకు ముందు చేయవలసినది నీటి పరీక్ష. జల జీవన్ మిషను క్రింద 2021లో త్రాగునీటి శాఖ పరీక్షాలయములను స్వల్పరుసుముపై సామాన్య ప్రజలకును తెఱచిరి. సీసాతో నీటిని తీసికొనిపోయి ఫ్లోరైడు లెక్కను కాగితముమీద పొందవచ్చును. ఇంటికి మిషను భగీరథ క్రింద నదీజలము వచ్చుచున్నచో బోరు నీటిని వంటకును త్రాగుటకును వాడక, ఆ కొళాయి నీటినే వాడుట మొదటి ఔషధము. 2015 జూన్‌లో చౌటుప్పలులో ఈ పథకమునకు పైలాను ఆవిష్కరించినది మన ప్రాంతపు ఈ బాధను తలచియే. పరీక్షలో ఆ నీరు మంచిదని తేలినచో వేలకు వేలు పెట్టి దానినే మరల వడపోయుట వృథా. నదీజలము సరిగా అందక, బోరే శరణ్యమైనవారు ఆర్.ఓ. యంత్రమును కొనుట తప్పు కాదు, అవసరము. కాని ఏనుగును కొనుటకంటె మేపుట కష్టము. పదునైదువేల యంత్రమనుకొందము, ఏటేట వడపోతలు మార్చుటకు నాలుగువేలనుకొందము, ఐదేండ్లలో 35 వేలగును. పొర పాతబడినను నీటి రుచి మాఱదు గాన ఏడాదికొకసారి మరల పరీక్ష చేయింపవలెను. ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటరులు పారబోయబడును. పాలమూరు వంటి కఱవు నేలలో ఆ నీటిని గిన్నెలు తోముటకైనను పట్టియుంచుకొనవలెను.

మన జిల్లా పేరుతోనే ప్రపంచమెఱిగిన ఒక పద్ధతి కలదు. నాగపూరులోని నీరి పరిశోధన సంస్థవారు 1970ల దశాబ్దమున రూపొందించిన నల్లగొండ పద్ధతి యది: పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగుపాళ్లలో కలిపి, తేర్చి, పైనీటిని వంచుకొనుట. బకెట్టులోనే చేయవచ్చును. అయితే పాళ్లు నీటి గుణమునుబట్టి మాఱును, అడుగుమడ్డిని పారవేయవలెను, దినదినము శ్రమింపవలెను. అందుచే అది యిండ్లలో నిలువలేదు. విజ్ఞానము గడపవఱకు వచ్చి ఆగిపోయినది. గడప దాటి లోపలికి రాగలిగినది విక్రేత యొక్కడే. ఇందు విక్రేత నేర్పెంత కలదో, మన యధికారుల యలసత్వ మంత కలదు. నీటిని గూర్చి యింటింటికి వచ్చి మాటలాడువాడు అతడొక్కడే యైనపుడు ప్రజలు అతని మాటయే వినుట ఆశ్చర్యము కాదు.

ఆ విక్రేతను నిందించి తృప్తిపడుట మాకిష్టము లేదు. అతడును మన బిడ్డడే. డిగ్రీ చదివి ఉద్యోగము లేక, నెలకు ఇన్ని యంత్రములు అమ్మిననే జీతమను కట్టుబాటులో ఎండలో తిరుగుచున్నాడు. అతనికి మంచినీళ్లిచ్చి, గౌరవముగా "ఇప్పుడు కొనము" అని చెప్పి పంపవచ్చును. మన పల్లెలలో గాజుల మలారము తెచ్చువాడును, బట్టల మూటవాడును తరతరములుగా గడపకు వచ్చినవారే. వారు మోసగింపకుండుటకు కారణము వారి సుగుణమొక్కటే కాదు. మరుసటి పండుగకు అదే గడపకు మరల రావలసియుండుట. యంత్రము అమ్మువాడు మరల రానక్కఱలేదు. గడపలోని బేరమునకు పూర్వము పూచీగా నిలిచిన ఆ "మరల వచ్చుట" తొలగిపోయినది. దాని స్థానమున చట్టము నిలువవలెను.

కొంత చట్టమున్నది. 2021 డిసెంబరులో వెలువడిన ప్రత్యక్ష విక్రయ నిబంధనల ప్రకారము ఇట్టి విక్రేత గుర్తింపు కార్డు లేక, ముందుగా అనుమతి పొందక ఇంటికి రాగూడదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునుబట్టి కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును, ఐదు లక్షల లోపు వస్తువునకు రుసుము లేదు, గడువు రెండేండ్లు. 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే రసీదు లేనివానిని ఏ కమిషనును కాపాడలేదు. వెల, హామీ, తీయునని చెప్పిన దోషముల పేర్లు కాగితముపై వ్రాయించి సంతకము తీసికొనుడు. "ఫ్లోరైడును తీయును" అని వ్రాసి సంతకము చేయుమన్నచో పలువురు సంచి సర్దుకొందురు.

ఇంకొక సంస్కరణము కావలెను. అమెరికాలో 1972లో చేసిన నిబంధన ననుసరించి, ఇంటివద్ద 25 డాలర్లు గాని అంతకు మించి గాని జరిగిన బేరమును మూడు పనిదినములలో కారణము చెప్పకయే రద్దుచేసికొను హక్కు కొన్నవానికి కలదు. ఆ హక్కును కాగితముమీద తెలుపవలసిన బాధ్యత అమ్మినవానిది. మన దేశమునను గడపలో జరుగు ప్రతి బేరమునకు, అమ్మినది ఏ సంస్థయైనను, అట్టి మూడు దినముల హక్కు స్పష్టముగా నుండవలెనని మేము కోరుచున్నాము. చట్టము వచ్చువఱకు గృహస్థులు దానిని తమ యింటి చట్టముగా చేసికొనవచ్చును: గడపలో చూచినదేదియు మూడు రాత్రులు గడవక కొనరాదు.

మమ్ము ఎదురు ప్రశ్నించువారు కలరు. "స్త్రీలు నడుము వంచి ఊడ్చుచునే యుండవలెననియా మీ మతము?" అని అడుగుదురు. కాదు. ఆ నడుమునొప్పి నిజము. విక్రేత దానిని చూచెను, మనము చూడలేదు. అదియే మా పశ్చాత్తాపము. నిలుచుండి ఊడ్చుటకు పొడవైన కఱ్ఱ గల చీపురు, తుడుచుటకు పిడి గల మాపు కొన్ని వందల రూపాయలకే దొరకును. వానికంటె చౌకయైన సాధనము మఱొకటి కలదు. అది ఆ యింటి మగవాని చేయి. మా అటకమీది యంత్రమును ఇప్పటికిని దింపలేదు. మా తల్లిగారు మాత్రము ఊడ్చుట మానివేసిరి. ఇప్పుడు మా యింట ఉదయము చీపురు పట్టునది ఈ వ్యాసము వ్రాయు చేయియే. 24 వేల రూపాయలకు మేము కొన్నది ఈ యొక్క పాఠము. పాఠకులు దీనిని ఈ పత్రిక వెలకే పొందవలెనని మా కోరిక.